రాయగడ జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ: ప్లస్ టూ మార్కుల సంగతి

అయ్యా,

మన జిల్లాలోని తెలుగు పిల్లలు చాలామంది ఒడిశా బోర్డులో ప్లస్ టూ (ఇంటర్) చదివి, ఆంధ్రలో ఇంజనీరింగుకు ఈఏపీసెట్ ప్రవేశ పరీక్ష రాస్తారు. అక్కడ పరీక్షకు 75 శాతం, ప్లస్ టూ గ్రూపు మార్కులకు 25 శాతం వెయిటేజీ. లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపి 300కి 240 వస్తే 25లో 20 చేతికొస్తాయి. ఆ 240లో పది మార్కులు తగ్గితే 160 ప్రశ్నల పరీక్షలో దాదాపు రెండు ప్రశ్నలు పోగొట్టుకున్నట్టే.

అసలు చిక్కు వేరే ఉంది. ఇతర బోర్డుల వాళ్లు డిక్లరేషన్ ఫారంతో మార్కులు తామే ఈఏపీసెట్ వాళ్లకు పంపాలి. పంపకపోతే పరీక్ష ఎంత బాగా రాసినా ర్యాంకు రాదు! ఇది పిల్లలకు ముందుగా చెప్పే నాథుడు లేడు.

ఎన్‌ఐటీల (కేంద్ర ప్రభుత్వ ఇంజనీరింగు కాలేజీల) నియమం ఇంకోటి: జేఈఈ అనే జాతీయ ప్రవేశ పరీక్ష ర్యాంకుతోపాటు ఐదు సబ్జెక్టుల్లో 500కి 375 (ఎస్సీ, ఎస్టీలకు 325), లేదా బోర్డులో టాప్ 20 పర్సంటైల్ (అంటే పై 20 శాతం మందిలో చోటు) ఉండాలి. మన మార్కుల జాబితాలోని 600 మొత్తం చూసుకుంటే లెక్క తప్పుతుంది; ఇక్కడ చూసేది ఐదు సబ్జెక్టులే. లెక్కలోకి వచ్చే ఐదింటిలో భాష ఒకటి, కాబట్టి తెలుగు పేపరును తేలిగ్గా వదిలేయకూడదు.

ఫలితాలు రాగానే ప్రతి జూనియర్ కాలేజీలో వారంపాటు సహాయ కేంద్రం తెరిపించండి. ఒక స్కానర్, నెట్, నియమాలు తెలిసిన ఒక లెక్చరర్ చాలు.

ఇట్లు,
రాయగడ తెలుగు అధ్యాపకులు, తల్లిదండ్రులు