ఏజెంట్‌కి గొంతు పెట్టేముందు

ఒరే శీనూ,

నీ మెయిల్ చదివాను. క్లినిక్ అపాయింట్‌మెంట్ల చాట్ ఏజెంట్ బాగానే నడుస్తోంది, ఇప్పుడు డాక్టరుగారు ఫోన్‌లో కూడా మాట్లాడించమంటున్నారు, ముందొక ఎస్‌టీటీ (మాటని అక్షరాలుగా మార్చేది), వెనకొక టీటీఎస్ (అక్షరాలని మాటగా వినిపించేది) తగిలిస్తే చాలా అని కదా అడిగావు. తగిలిస్తే మాట్లాడుతుంది. కానీ పేషెంటు రెండో మాటకే ఫోన్ పెట్టేస్తాడు. గొంతు తియ్యగా ఉందా లేదా అన్నది తర్వాతి సంగతి. ఎప్పుడు మాట్లాడాలో, ఎప్పుడు నోరు మూసుకోవాలో దానికి నేర్పడమే అసలు పని. ఎక్కువ సమయం అక్కడే పోతుందని డాక్టరుగారికి ముందే చెప్పి పెట్టు.

2009లో పది భాషల సంభాషణలు కొలిచి చూస్తే, ఒకరి మాట ముగిశాక రెండోవారు అందుకోవడానికి పట్టింది సగటున దాదాపు 200 మిల్లీసెకన్లు. ఆ పదిలో తెలుగు లేదు గానీ, మనవాళ్ళు అంతకన్నా ఓపిగ్గా ఆగుతారని నేననుకోను. ఇప్పుడు నీ లెక్క వేసుకో. మాట ముగిసిందని తేల్చుకోవడానికి నిశ్శబ్దం 500 మిల్లీసెకన్లు, ఎస్‌టీటీ చివరి పాఠం (విన్నదాని రాతరూపం) ఇవ్వడానికి ఓ 200, ఎల్‌ఎల్‌ఎం (జవాబు రాసే భాషా మోడల్) మొదటి వాక్యం పూర్తిచేయడానికి 600, టీటీఎస్ మొదటి శబ్దానికి 200, నెట్‌వర్క్ దారి ఖర్చు 100. మొత్తం 1,600. సెకను దాటితే చాలు, అవతలివాడు "హలో? హలో?" అంటాడు. ఆ హలోని నీ ఏజెంట్ కొత్త ప్రశ్న అనుకుని, చెప్పబోయింది ఆపేసి, మళ్ళీ మొదటికొస్తుంది.

అందుకే ఏదీ పూర్తయ్యేదాకా ఆగకూడదు, అన్నీ స్ట్రీమింగ్‌లోనే, అంటే వచ్చింది వచ్చినట్టు ముందుకి పంపుతూనే, నడవాలి. ఎల్‌ఎల్‌ఎం నుంచి ఒక వాక్యం రాగానే టీటీఎస్‌కి పంపించెయ్. ఇక్కడో చిన్న గుంట ఉంది: చుక్క దగ్గర వాక్యం కోసే కోడ్ రాస్తే "డా." దగ్గర, "రూ." దగ్గర కూడా కోసేస్తుంది. "ఫీజు రూ" అని ఆగి, గుక్క తిప్పుకుని "ఐదు వందలు" అంటుంది. ఇంకోటి, చాలా మోడళ్ళలో అదే విషయానికి ఇంగ్లీషు కన్నా తెలుగుకి ఎక్కువ టోకెన్లు (మోడల్ ఒక్కొక్కటిగా రాసే అక్షరాల ముక్కలు) ఖర్చవుతాయి, కాబట్టి తెలుగు వాక్యం ఆలస్యంగా పూర్తవుతుంది. మొదటి వాక్యం నాలుగైదు మాటలు దాటొద్దని ప్రాంప్ట్‌లోనే (మోడల్‌కి ముందుగా ఇచ్చే సూచనల్లో) రాయి.

మాట ముగిసిందా లేదా అన్నది వీఏడీ (గొంతు వినిపిస్తోందో లేదో పసిగట్టేది) ఒక్కటే చెప్పలేదు. సిలెరో లాంటి వీఏడీ 16 కిలోహెర్ట్జ్ (సెకనుకి 16,000 శాంపిళ్ళ, అంటే ధ్వని కొలతల) ఆడియోలో 32 మిల్లీసెకన్ల ముక్క తీసుకుని, అందులో మనిషి గొంతుందా అని మాత్రమే చెబుతుంది. "అమ్మకి నిన్నట్నుంచి జ్వరం వచ్చి..." అని ఆగిన మనిషి ఇంకా చెప్పబోతున్నాడు. "రేపు పొద్దున అపాయింట్‌మెంట్ కావాలండీ" అన్నవాడు ముగించాడు. తెలుగులో క్రియ చివరికి రావడం నీకు పెద్ద వరం రా. పాఠం "వచ్చింది" లాంటి సమాపక క్రియతోనో "అండీ"తోనో ముగిస్తే 300 మిల్లీసెకన్లకే అందుకో. "వచ్చి", "ఉంటే", "కానీ", "అని" లాంటి వాటితో ఆగితే 1,200 దాకా ఓపిక పట్టు. ఫోన్ నంబరు అడిగినప్పుడైతే 1,500 పెట్టు. జనం "నైన్ ఎయిట్ ఫోర్... ఎయిట్ డబుల్ టూ..." అని గుర్తు చేసుకుంటూ చెబుతారు. డబుల్, ట్రిపుల్ విప్పే కోడ్ నువ్వే రాయి, ఎల్‌ఎల్‌ఎం మీద వదలకు. పది అంకెలు కుదరకపోతే కీప్యాడ్ నొక్కమను.

ఇక మధ్యలో అడ్డొచ్చే మాటలు. ఏజెంట్ మాట్లాడుతుంటే పేషెంటు నోరు తెరవగానే ఆగిపోవాలని అందరూ రాస్తారు. కానీ మనవాళ్ళు ఊకొడతారు. "ఊఁ", "ఆఁ", "సరే సరే" అన్న ప్రతిసారీ ఆగిపోతే సంభాషణ ముందుకు జరగదు. ఊకొట్టే మాటల పట్టిక ఒకటి పెట్టుకుని, అవి మాత్రమే వినిపిస్తే మాట కొనసాగించు. ఒక్క మినహాయింపు: ఏజెంట్ ప్రశ్న అడిగి ముగించాక వచ్చిన "ఆఁ" ఊకొట్టడం కాదు, జవాబు. నిజంగానే అడ్డొస్తే మూడు పనులు వెంటనే జరగాలి: టీటీఎస్ ఆపడం, ఫోన్ లైన్ వైపు అప్పటికే పంపేసి ఇంకా వినిపించని ఆడియో (బఫర్) ఖాళీ చేయడం, చాట్ చరిత్రలో ఏజెంట్ మాటని పేషెంటు విన్నంత వరకే కత్తిరించడం. మూడోది అందరూ మర్చిపోతారు. మర్చిపోతే "పదిన్నరకి రమ్మని చెప్పాను కదండీ" అంటుంది, పేషెంటు ఆ ముక్క వినే ఉండడు.

అయితే మాట ఆగినా బుకింగ్ టూల్ ఆగకూడదు. స్లాట్ రాసే ఆ టూల్‌ని సగంలో రద్దుచేసి మళ్ళీ పిలిస్తే ఒకే మనిషికి రెండు స్లాట్లు పడతాయి. ప్రతి బుకింగ్‌కీ ఒక ప్రత్యేక కీ ఇవ్వు, అదే కీ మళ్ళీ వస్తే పాత ఫలితమే తిరిగి రావాలి. టూల్ సెకను దాటుతుందనిపిస్తే "ఒక్క క్షణం, చూసి చెప్తానండి" అనిపించు. ప్రతిదానికీ అనిపించకు, విసుగొస్తుంది.

ఆడియో గొట్టాల సంగతి. ఫోన్ లైన్‌లో వచ్చేది 8 కిలోహెర్ట్జ్, జీ.711 అనే ఫోన్ ఆడియో పద్ధతిలో. అందులో రెండు రకాలు: మన దేశపు లైన్లలో ఎ-లా, అమెరికా పద్ధతి మ్యూ-లా. ట్విలియో (ఫోన్ కాల్‌ని ప్రోగ్రాంకి అందించే సర్వీసు) స్ట్రీమ్ మ్యూ-లా ఇస్తుంది. ఒకదాన్ని ఇంకొకటిగా విప్పితే మాట అర్థమవుతుంది గానీ గరగరలాడుతుంది, అందుకే తప్పెక్కడుందో తొందరగా దొరకదు. 20 మిల్లీసెకన్లకి 160 బైట్లు ఉండాలి. కాల్ మొదట్లో "టక్" అని వినిపిస్తే వేవ్ ఫైలు మొదట్లో ఉండే వివరాల హెడరు 44 బైట్లు కూడా పంపేస్తున్నావన్నమాట. టీటీఎస్ ఇచ్చే 24 కిలోహెర్ట్జ్‌ని మూడు శాంపిళ్ళకి ఒకటి ఏరుకుని 8కి దించకు, ముందు లో-పాస్ ఫిల్టరు (ఎక్కువ పౌనఃపున్యాల శబ్దాన్ని తీసేసేది) వెయ్యి. లేకపోతే "స"లు, "శ"లు చెవిలో గీరుకుంటాయి.

ఎస్‌టీటీకి ఓపెన్‌ఏఐ వాళ్ళ విస్పర్ పెడదామన్నావు. అది 30 సెకన్ల ముక్కల కోసం చేసింది, నిశ్శబ్దం ఇస్తే లేని వాక్యాలు పుట్టిస్తుంది. ఐఐటీ మద్రాసు ఏఐ4భారత్ వాళ్ళ ఇండిక్‌కన్‌ఫార్మర్ (భారతీయ భాషల ఎస్‌టీటీ) కూడా తీసుకుని, మీ క్లినిక్ కాల్సే రెండింటికీ వినిపించి చూడు. డాక్టర్ల పేర్లు, సీబీపీ, థైరాయిడ్, ఈసీజీ లాంటివి ఎంతవరకు పట్టుకుంటున్నాయో విడిగా లెక్కపెట్టు. మొత్తం పదాల తప్పుల శాతం చూసి మోసపోకు. ఆడియో నుంచి నేరుగా ఆడియో ఇచ్చే మోడళ్ళు, ఓపెన్‌ఏఐ రియల్‌టైమ్ లాంటివి, వేగంగానే ఉంటాయి. కానీ పేరు తప్పుగా విన్నప్పుడు మధ్యలో పట్టుకుని దిద్దడానికి నీకు వీలు తక్కువ. క్లినిక్‌కి నేనైతే ఎస్‌టీటీ, ఎల్‌ఎల్‌ఎం, టీటీఎస్ విడివిడి ముక్కలుగానే పెడతాను. వాటిని పైప్‌క్యాట్, లైవ్‌కిట్ లాంటి సిద్ధంగా దొరికే ఫ్రేమ్‌వర్కుల్లో ఒకదానితో అతికించు, మొత్తం సొంతంగా రాయకు.

టీటీఎస్‌కి ఇచ్చేముందు "10:30"ని "పదిన్నర" చెయ్యి, "1250"ని "పన్నెండు వందల యాభై" చెయ్యి. నక్షత్రం గుర్తులు (*), జాబితాలు వద్దని ప్రాంప్ట్‌లో రాయి, రాసినా వస్తాయి, కోడ్‌లో కూడా తీసెయ్. మొదటి వాక్యంలోనే ఇది యంత్రమని, కాల్ రికార్డవుతోందని చెప్పించు.

ఆలస్యం కొలిచేటప్పుడు సగటు చూడకు, వందలో 95 కాల్స్ ఎంతలోపు ఉన్నాయో చూడు. ఫ్యాన్ కింద, ఆటోలో, టీవీ పక్కన చేసిన కాల్స్ ఒక యాభై పోగుచెయ్. ప్రతిదానికీ మాట ముగిసిన క్షణం, ఎస్‌టీటీ, మొదటి టోకెన్, మొదటి శబ్దం, ఈ నాలుగు టైమ్‌స్టాంపులూ ఉండాలి. ఆ లాగ్ ఫైళ్ళు పంపు, ఎక్కడ కొయ్యొచ్చో చూసి చెప్తాను.

నీ
రఘు