బోర్డు మీద రాస్తేనే పెన్ను కదుల్తదా?

నల్లగొండ
ఆదివారం పొద్దున

అరేయ్ దోస్త్,

నువ్వు ఫోన్ల చెప్పిన బాధంతా ఒక్కటే గదా: నువ్వు బోర్డు మీద రాసేదాక తొమ్మిదో తరగతి పిల్లల పెన్ను కదల్తలేదు. "సార్, ఇది నోట్సుల రాయాల్నా?" అని అడుగుతున్నరు. వాళ్ల తప్పేం లేదురా. ఒకటో తరగతి సంది మనం చేయించిందే అది. "ఇగ మీరే చదువుకోండ్రి" అని కుర్చీల కూసుంటే మాత్రం పోదు. బావిల ఈత నేర్పేటప్పుడు వీపుకు బెండ్లు కట్టి, రోజుకొక్కటి తీస్తం గదా. ఇదీ అంతే, ఏ బెండు ముందు తీయాల్నో తెల్వాలె.

లెక్కల కాడ మొదలుపెట్టు, అక్కడ సులువుగ కనబడ్తది. మన బత్తాయిలే తీసుకో. 3 కిలోల బత్తాయిలు, 2 కిలోల జామకాయలు 190 రూపాయలు. 1 కిలో బత్తాయిలు, 2 కిలోల జామకాయలు 110 రూపాయలు. ఏది కిలో ఎంత? ఐదు మెట్లు: ఏది ఎక్స్, ఏది వై అని రాసుడు, రెండు సమీకరణాలు, తీసివేత, వచ్చిన విలువ పెట్టి రెండోది కనుక్కొనుడు, చివరికి మొదటి వాక్యంల పెట్టి సరిచూసుడు. బత్తాయి 40, జామ 35 వస్తది. ఇది మొత్తం నువ్వే చేసి చూపించు. రెండో లెక్కల నాలుగు మెట్లు రాసి ఐదోది ఖాళీ పెట్టు. మూడో దాంట్ల చివరి రెండూ. ఇట్ల వెనుక నుంచి తీసుకుంటపోతే ఆరో లెక్క వాళ్లు మొత్తం సొంతంగ చేస్తరు. ముందు నుంచి తీయకు. సమీకరణం రాసుడే అన్నిట్లకెల్ల కష్టమైన పని, అది మొదటి రోజే మీద పడితే సగం మంది పక్కోడి నోట్సుల తొంగి చూస్తరు. ఇంకోటి, 40 రాంగనే "అయిపోయింది సార్" అని లేస్తరు. అందుకే సరిచూసే మెట్టుకు విడిగ ఒక మార్కు పెట్టు.

చదివిన పాఠానికి వేరే పద్ధతి. పుస్తకం మూసి, తెల్లకాగితం మీద గుర్తున్నంత రాయమను, ఏడు నిమిషాలు చాలు. తర్వాత పుస్తకం తెరిచి, యాది మరిచినవి ఎర్ర పెన్నుతో చేర్పియ్యి. ఆ ఎర్ర రాతే ఇంటికాడ చదవాల్సింది, మిగతాది కాదు. దీని మీద రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006ల ప్రయోగం చేసిన్రు: కొందరితోని పాఠం మళ్ల చదివించి, కొందరితోని చూడకుండ రాయించిన్రు. ఐదు నిమిషాలకు అడిగితే మళ్ల చదివినోళ్లే మెరుగు. వారం తర్వాత అడిగితే వాళ్లకు 42 శాతమే గుర్తుంది, చూడకుండ రాసినోళ్లకు 56 శాతం. మళ్ల మళ్ల చదివితే వచ్చినట్టనిపిస్తదిరా, గదే మోసం. అయితే ఈ కాగితాలకు మార్కులు వెయ్యకు. స్లిప్ టెస్టుల కలిపినవనుకో, ఆ రోజే చిట్టీలు మొదలైతయ్.

ప్రశ్న అడిగినంక నువ్వు ఎంతసేపు ఆగుతున్నవో ఒకపారి ఫోన్ల రికార్డు పెట్టి చూసుకో. మనోళ్లు చానామంది ఒక్క సెకను ఆగి, వాళ్లే జవాబు చెప్పేస్తరు. కనీసం మూడు సెకన్లు లోపల్నే లెక్కపెట్టుకో. తరగతి నిశ్శబ్దమైతే ఇబ్బందిగనే ఉంటది, ఉండనియ్యి. చేతులెత్తినోళ్లనే అడిగితే ఆ నలుగురే మాట్లాడ్తరు. పేరు ప్రశ్న తర్వాత పిలువు, ముందు కాదు. ముందే పిలిస్తే మిగతా ముప్పై మంది ఆలోచన బందు.

గైడ్లు గుంజుకోకు, దాచిపెట్టుకొని చదువుతరు. "ముందు నువ్వు చెయ్యి, తర్వాత గైడుతోని దిద్దుకో" అను. తప్పొచ్చినకాడ పక్కన ఒక్క అక్షరం రాయమను: ప్రశ్న సరిగ్గ చదవకుంటే 'చ', విషయం తెల్వకుంటే 'తె', లెక్కల చెయ్యి జారితే 'జా'. రెండు వారాలైనంక అక్షరాలు లెక్కపెట్టిపియ్యి. 'చ' ఎక్కువున్నోనికి ట్యూషన్ ఎందుకు? ప్రశ్నల అడిగిన మాట కింద గీత గీసుడు నేర్పితే సగం నయమైతది. 'తె' ఉన్నోనికే నీ టైం కావాలె.

ప్రాజెక్టు అంటే చార్టు మీద బొమ్మలు అతికించుడు కాదని నీకు నేను చెప్పాల్నా! మన నల్లగొండ పక్కన పానగల్లుల ఉన్న ఛాయా సోమేశ్వరాలయం చూపియ్యి. లింగం వెనుక గోడ మీద స్తంభం నీడ పొద్దంత ఉన్నకాడనే ఉంటది. సూర్యుడు జరుగుతున్నా నీడ ఎందుకు జరగదు? జవాబు చెప్పకు. గుడికి బదులు అట్టపెట్టె, స్తంభాలకు బదులు పెన్సిళ్లు, సూర్యునికి బదులు టార్చి, ఇంకో తెల్లకాగితం ఇయ్యి. టార్చి నేరుగ వేసి జరిపితే నీడ జరుగుతది. టార్చి కాగితం మీద వేసి, దాని మీదికెళ్లి తిరిగొచ్చే వెలుగుతోనే చూస్తే, టార్చి కొంచెం జరిపినా నీడ దాదాపు కదలదు. పెన్సిలు గోడకు దగ్గర లేకుంటే నీడ అలుక్కపోతది, గదిల వెలుతురున్నా అంతే. వాళ్లే రెండు మూడుసార్లు ఆగమై కనుక్కుంటరు. నువ్వు ఒక్కటే అడగాలె: "ఇప్పుడు ఏం మార్చినవ్? ఏం మారింది?" ఒకేసారి రెండు మార్చినోడు చెప్పలేడు, అప్పుడు వానికే అర్థమైతది.

హోంవర్కు మీద మాత్రం ఆశ పెట్టుకోకు. మీ దిక్కు పత్తి ఏరే రోజులల్ల పిల్లలు చేను కాడికి పోతరు, ఇంట్ల అడిగితే చెప్పేటోళ్లు లేనోళ్లు చానామంది. చివరి పీరియడ్ల ఇరవై నిమిషాలు బడిల్నే ఇయ్యి. కూసోంగనే "ఈ రోజు నేను ఏం చేస్త" అని ఒక్క వాక్యం, లేచేముందు "ఏం మిగిలింది" అని ఇంకొకటి రాయాలె. మొదట్ల "సైన్స్ చదువుత" అని రాస్తరు. అది పనికిరాదు. "కాంతి పాఠంల రెండు కిరణచిత్రాలు చూడకుండ గీస్త" అని వచ్చేదాక వాపస్ ఇయ్యి. ఆ టైముల డౌటొస్తే నీ దగ్గరికి ఉరికొస్తరు. ముందు పుస్తకం, తర్వాత పక్కోడు, ఆఖరికి సారు, ఈ వరుస గోడ మీద రాసిపెట్టు. పుస్తకంల ఏ పేజీ చూసిన్రో చెప్పందే జవాబియ్యకు.

ఒకేసారి అన్నీ పెట్టకు. ఈ నెల బత్తాయి లెక్కలు, ఎర్ర పెన్ను, రెండే. ఆ కాగితాల ఫొటోలు నాలుగు నాకు పంపు, మంచివి కాదు, పాడైనవి.

నీ దోస్త్