ఖాళీ సంచికి రెండు వేలు

ఎడిటర్ గారికి నమస్తే సార్,

నేను కర్నూలు వన్ టౌన్‌లో టైలర్‌ని, ముప్పై ఏండ్ల నుంచి మిషన్ తొక్కుతాండా. పోయిన వారం మీ స్పోర్ట్స్ పేజీలో రైఫిల్ షూటింగ్ గురించి రాసినారు, అది డబ్బున్నోళ్ల ఆట, మనలాంటోళ్ల పిల్లలకి అందేది కాదని. సగం నిజమే, కాదనను. రైఫిల్ రేటు వింటే నాకే కండ్లు తిరిగినాయి, కాల్చేటప్పుడు వేసుకునే ఆ జాకెట్ కుట్టడం అయితే నా చేత కాదు, గుడ్డ మందం 2.5 మిల్లీమీటర్లు దాటకూడదంట, మ్యాచ్‌కి ముందు మిషన్ పెట్టి కొలుస్తారంట. కానీ సామాన్ల లిస్టులో రైఫిల్ కింద పెట్టుకునే సంచి కూడా కలిపి దానికి రెండు వేలు అని వేసినారు సూడండి, ఆడ నాకు మండింది. ఆ రెండు వేలు పోగొట్టుకున్నోన్ని నేను.

మా పాప ఇంటర్ చదువుతాది. ఎన్‌సీసీ క్యాంప్‌లో పాయింట్ టూటూ రైఫిల్‌తో ఐదు రౌండ్లు కాల్పిచ్చినారు, ఐదూ దగ్గర దగ్గరగా పడినాయంట, ఆ రోజు నుంచి ఇంట్లో వేరే మాట లేదు. సరేలే అని ఒక కోచ్ సార్ దగ్గర చేర్పిస్తి. ఆయన దగ్గర ఉండేది బ్యారెల్ వంచి గుండు పెట్టే పాత స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్. మా వీధిలో ఇది తెలిసినాక ఒకాయన షాపుకొచ్చి నేను సంచి కుడుతాంటే చూసి ఏం భాయ్ ఎలక్షన్లకా అన్నాడు. మన సీమలో తుపాకి అంటే జనాలకి ఇంకేం గుర్తొస్తాది లెండి, సినిమాలోళ్లు చేసిన పుణ్యం. 4.5 మిల్లీమీటర్ల గుండుది, 20 జౌల్స్ పవర్ దాటని ఎయిర్ రైఫిల్‌కి 2016 ఆర్మ్స్ రూల్స్ ప్రకారం లైసెన్స్ అక్కర్లేదప్పా అని అందరికీ చెప్పలేక నా నోరు నొచ్చింది.

సంచి దేనికంటే, మ్యాచ్‌లో పెట్టనీరు, పది మీటర్ల ఆట నిలబడి చేతుల మీదనే కాల్చాల. కానీ గురి సెట్ చేసేటప్పుడు, ఏ కంపెనీ గుండ్లు ఈ రైఫిల్‌కి సరిపోతాయో చూసేటప్పుడు, కొత్త పిల్లలకి ట్రిగ్గర్ నొక్కడం నేర్పేటప్పుడు చేతి వణుకు మధ్యలో రాకూడదు కదా, అప్పుడు రైఫిల్‌ని సంచి మీద ఆనిస్తారు. గురి చూసి కాల్చే అట్ట మీద పదికి పది వచ్చే చుక్క ఎంతో తెలుసా సార్, అర మిల్లీమీటరు. నేను జీన్స్ కుట్టే 18 నంబర్ సూది మందం 1.1 మిల్లీమీటర్లు, అంటే నా సూదిలో సగం కూడా లేదు ఆ చుక్క. పాప అది చెప్పిన రోజు నేను సూది పట్టుకుని చానాసేపు చూసినా.

కోచ్ సార్ ముందరికొకటి వెనకకొకటి సంచి కావాలంటే ఆన్‌లైన్‌లో బుక్ చేసినాం, రెండు వేలకి కొంచెం తక్కువ. పార్సిల్ వచ్చింది, పట్టుకుంటే గాలి మాదిరి ఉంది. విప్పితే ఖాళీ సంచులు! అవి ఖాళీగానే అమ్ముతారంట, నింపుకునేది మనమేనంట, ఎక్కడో చిన్న అక్షరాల్లో రాసుంటే మాకు కనపడలే. కుట్టు చూస్తే ఒంటి కుట్టు, గుడ్డ బ్యాగుల కంపెనీలో మిగిలిన పీసు మాదిరి ఉంది. నేను టైలర్‌నై ఉండి ఖాళీ సంచికి రెండు వేలిచ్చినానని మా ఆవిడ ఇప్పటికీ చుట్టాల ముందర చెప్పి నవ్వుతాది.

సరే వచ్చిందేదో వచ్చింది నింపుదాం అనుకుంటే ఆడ మొదలైంది అసలు కథ. మొదట రేషన్ బియ్యం పోసినా, మెత్తగా కుదురుకుంది, పాప బాగుంది నాన్నా అంది. పది రోజులకి ముక్కపురుగు, ఆమీద ఎలుక ఒక మూల కొరికి పెట్టింది, పొద్దున చూస్తే షాపంతా బియ్యం. తర్వాత అనంతపురంలో మా చెల్లెలు వాళ్లుంటారు, ఆడ వేరుశనక్కాయ పొట్టుకి ఏం కరువు, ఒక మూట తెప్పించి దంచి నింపినా. పురుగు లేదు గానీ బరువు లేదు, రైఫిల్ పెడితే సంచే జరుగుతాది. మా బామ్మర్ది మంగంపేట పక్క ఉంటాడు, ఆడి నుంచి ముగ్గురాయి పొడి కొంచెం తెచ్చిచ్చినాడు, అదే బెరైటీస్, ఆయిల్ బావులు తవ్వేటప్పుడు బురదలో బరువుకి కలుపుతారే అది. రాయికి రాయి ఇసుక కన్నా ఒకటిన్నర రెట్లకి పైనే బరువు, చారెడు పట్టుకుంటేనే చెయ్యి కిందికి దిగుతాది. భలే దొరికిందిరా అనుకున్యా. కానీ పిండి కదా, కుట్టు కుట్టుకీ బయటికొచ్చి పాప మోచేతులు తెల్లగా, రైఫిల్ తెల్లగా, దగ్గు. అది కూడా పక్కన పెట్టినా.

చివరికి మన తుంగభద్ర ఇసుకే దిక్కయింది. అందులో కూడా తొందరపడి ఒకసారి దెబ్బ తిన్నా, పైన ఆరినట్టుందని నింపేసినా, నాలుగు రోజులకి సంచి వాసన, రైఫిల్ కట్టె మీద బూజు మచ్చ, ఇనుము మీద తుప్పు చుక్కలు, కోచ్ సార్ ఏమనలేదు గానీ ఆయన మొహం చూడలేకపోతి. అప్పుడు గుర్తొచ్చింది 2009 అక్టోబర్ వరద. నీళ్లు తీసినాక షాపులో మోకాలి లోతు బురద ఇసుక, పైన చూస్తే ఎండి పగుళ్లిచ్చింది, పార పెడితే కింద చల్లగా తడి తడి, వారం పైన అట్లే ఉండె. ఇసుక పైకి ఆరినట్టు కనపడి లోపల మోసం చేస్తాదని ఆ రోజే చూసినోన్ని, మళ్లీ ఎట్లా మర్చిపోయినానో.

ఇప్పుడు ఎట్లా చేస్తాండానంటే, ఇసుకని సన్న జల్లెడ పట్టి రెండుసార్లు కడిగి మిద్దె మీద టార్పాలిన్ పరిచి పలచగా పోసి మూడు రోజులు తిరగేస్తా, మన ఎండకి అంత చాలు. ఆరిందా లేదా అని మీ పేపర్ మీదనే చూస్తా సార్, తప్పుగా అనుకోవద్దు, ఒక గుప్పెడు పేపర్ మీద పోసి గంట ఆగి దులిపితే కాయితం మీద తడి మరక కనపడకూడదు. మార్కిన్ గుడ్డతో, అదే రంగెయ్యని ముతక నూలు గుడ్డతో, లోపలి సంచి, దానికి డబుల్ కుట్టు, మూతి రెండు వేళ్లంత వదిలి, వాటర్ బాటిల్ పైభాగం కోసి గరాటు చేసుకుని పోయాల. పైసంచికి పాత జీన్స్ కాలు, ఊరికే పారేసేది, దాన్ని మించిన గుడ్డ లేదు, లోపలి కుట్టు కంపెనీ వాడు ముందే మడిచి గట్టిగా వేసి ఉంటాడు, మనం రెండు చివర్లు మూస్తే చాలు. నైలాన్ దారం వాడండి, కాటన్ దారం ఇసుక రాపిడికి నిలవదు.

ఇంకో సంగతి, గట్టిగా కూరొద్దు. ముందర సంచి పిడికిలితో గుద్దితే గుంట పడి ఆ గుంట అట్లే నిలవాల, రైఫిల్ అందులో కూర్చుంటాది. వెనక సంచి చిన్నది, ముప్పాతిక కన్నా ఎక్కువ పోయొద్దు, ఎందుకంటే దాన్ని పిసికితే రైఫిల్ మడమ, అదే భుజానికి ఆనించే పక్క, లేసి గురి కిందికి దిగుతాది, వదిలితే పైకొస్తాది, అదే దాని పని, రాయి మాదిరి కూరితే ఇంక ఏం పిసుకుతారు. ఒకరోజు సంచి తడిసిందని పాప నాపరాయి మీద దుప్పటి మడిచేసి కాల్చింది, గుండ్లన్నీ వేరే చోట పడినాయి. స్ప్రింగ్ రైఫిల్‌లో గుండు బయటికి రాకముందే లోపల పిస్టన్ కొట్టుకుని రైఫిల్ ఎగిరిపడతాదంట, కింద గట్టిది ఉంటే అది ఎగరగొడతాది. అందుకే కోచ్ సార్ సంచి మీద నేరుగా కాకుండా సంచి మీద అరచెయ్యి, చెయ్యి మీద రైఫిల్ పెట్టమంటాడు, బ్యారెల్ మాత్రం అసలు ఆనించనీడు.

ఈ ఉత్తరం రాసేదానికి ఇంకో కారణం ఉంది. పాపతో పోయి ఒక కాలేజీ గ్రౌండ్ చూసినా, పేరొద్దులే, ఆడ ఎన్‌సీసీ పిల్లలు పడుకుని కాల్చేదానికి యూరియా గోతాల్లో ఇసుక పోసి పెట్టినారు. ఆ ప్లాస్టిక్ గోతం మన ఎండకి కొన్ని నెలల్లో పొడి పొడి అయి రాలిపోతాది, పైగా లోపల అంటుకుని మిగిలిన యూరియా గాల్లో తేమ లాక్కుని ఇసుకని తడి చేస్తాది, ఆ తడి ఇనుముకి విషం. పిల్లల మోచేతుల కింద చిరిగిన గోతం, కారిపోయిన ఇసుక. దీనికి బడ్జెట్ కావాలా సార్? నాలుగు జీన్స్ కాళ్లు, ఒక మీటర్ మార్కిన్, ఒక పూట పని.

మీరు మళ్లీ రాసేటప్పుడు ఆ లిస్టులో నుంచి సంచి తీసేయండి. బీజింగ్‌లో 2008లో బింద్రా, లండన్‌లో 2012లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ మెడల్ తెచ్చింది ఈ పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే, అది చదివి ఆశపడే పిల్లలు మన ఊర్లల్లో ఉంటారు, సంచి రేటు చూసి వాళ్ల నాయన పేపర్ మడిచి పెట్టేస్తాడు.

కర్నూల్లో ఏ పిల్లోళ్లైనా సరే, ఆదివారం మధ్యాహ్నం నమాజ్ అయినాక షాపులోనే ఉంటా, పాత జీన్స్ కాలు, ఇసుక తెచ్చుకుంటే ఊరికే కుట్టిస్తా. తడి ఇసుక తెస్తే మాత్రం మా మిద్దె మీదికి పంపిస్తా, మూడు రోజులైనాక రమ్మంటా.

ఇట్లు,
ఒక టైలర్, వన్ టౌన్, కర్నూలు