ఎల్కేజీ పిల్లకి రాత్రి తొమ్మిదింటికి హోంవర్కా?

సంపాదకుడు గారికి నమస్కారం,

మా మనవరాలికి 4 ఏళ్లు, తిరుపతిలోనే ఒక ప్రైవేట్ స్కూల్లో ఎల్కేజీ. రోజూ 1 నుంచి 50 దాకా రెండు పేజీలు రాయాలంట, దానికి పెన్సిలు పట్టుకునేకి వేళ్లే ఇంకా గట్టిపడలేదు, ఏడ్చుకుంటా రాస్తాది, మధ్యలో నిద్రపోతాది, మా కోడలు చెయ్యి పట్టుకొని మిగతాది దిద్దిస్తాది. ఇది ఎవరు రాసినట్టండీ?

మొన్న ఆదివారం అదే పిల్ల మిద్దె మీద పక్కింటి పిల్లోళ్లని పోగేసి లడ్డూ కౌంటర్ పెట్టింది (కొండ కింద పిల్లలు, ఇంకేం ఆడతారు). గులకరాళ్లు లడ్డూలు, వేపాకులు టోకెన్లు, "లైన్లో రండి, తోసుకోవద్దు" అని ఒకటే అరుపులు. ఆకుకి రెండు లడ్డూలు. ఐదో వాడి వంతు వచ్చేసరికి ఒక్క రాయే ఉంది. నేను పక్కనే చింతపండు గింజలు తీస్తా ఉన్నా, చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది గానీ ఆపుకొని "ఇప్పుడెట్లమ్మా, ఆ అబ్బోడికి ఒకటేనా?" అని మాత్రం అడిగినా. కాసేపు చూసి పరిగెత్తుకొచ్చి నా చాటలో చింతగింజ తీసుకొని "ఇది చిన్న లడ్డు" అని వాడి చేతిలో పెట్టేసింది. రెండ్రెండు లెక్క, ఎన్ని తక్కువపడినాయో తెలుసుకోవడం, ఒకదాని బదులు ఇంకోటి అనుకోవడం, అన్నీ అందులోనే అయిపోయినాయి. గింజని లడ్డు అనుకోగలిగిన పిల్ల రేపు గీతని అక్షరం అనుకోలేదా? నేను చేసిందల్లా ఫోన్ పక్కన పెట్టి కూచోని ఒక్క ప్రశ్న అడగడం.

ఇవేం నా సొంత కబుర్లు కాదు. జాతీయ విద్యా విధానం 2020లో 3 నుంచి 8 ఏళ్ల దాకా ఆటపాటలతోనే నేర్పాలని ఉంది, అదే ఏడాది కేంద్రం తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీలో రెండో క్లాసు దాకా హోంవర్కే వద్దని ఉంది. మా వీధి అంగన్వాడీలో పాటలు, బొమ్మలతో చెప్తారు, మావాడేమో "ఆడ ఉత్త ఆటలే కదమ్మా" అని దీన్ని అక్కడ మాన్పించి, ఫీజు కట్టి మరీ ఈ స్కూల్లో వేసినాడు. తప్పు స్కూళ్లదే అనను, పేజీలు నిండకపోతే గేటు దగ్గర గొడవపడేది మనమే.

జిల్లా విద్యాధికారి (డీఈఓ) గారు ఎల్కేజీ, యూకేజీ పిల్లల డైరీలు ఒకసారి తెప్పించుకొని చూడాల, పేరెంట్స్ మీటింగుల్లో హోంవర్కు వద్దనే ఆ రూలు చదివి వినిపించాల.

ఇది రాస్తా ఉంటే మళ్లీ నోట్‌బుక్ తెచ్చింది. ఈ రోజు 51 నుంచి 100 అంట.

ఇట్లు,
ఒక అవ్వ, కొర్లగుంట, తిరుపతి