గాలాల క్లబ్బూ, సిమెంట్ దుమ్మూ

ఒరేయ్ రవీ,

నీ ఉత్తరం చదివాక ఊరుకోలేకపోయాను. కాలుష్యం ఆగడానికి ఆస్తి హక్కులు గట్టిగా ఉంటే చాలు, గాలీ నీళ్లూ పాడుచేసినవాణ్ణి కోర్టుకీడిస్తే దారికొస్తాడు, ఈ సర్కారు తనిఖీలన్నీ దేనికని తేల్చేశావు. అంత తేలిక కాదురా.

ముందు నీ వాదనకి పనికొచ్చే కేసు నేనే ఇస్తాను, తీసుకో. ఇంగ్లండ్‌లో డెర్వెంట్ నదిలో చేపలు పట్టే హక్కు ఒక గాలాల క్లబ్బుకి ఉండేది. ఒక కంపెనీ వ్యర్థాలు, డెర్బీ ఊరి మురుగు, కరెంటు కేంద్రం వేడినీళ్లు కలిసి నదిని పాడుచేశాయి. క్లబ్బు కేసు వేసింది. డబ్బిచ్చి సరిపెట్టుకుంటే కుదరదు, ఆపాల్సిందేనని 1950ల మొదట్లో అప్పీలు కోర్టు తీర్పిచ్చింది. సర్దుకోడానికి గడువు మాత్రం ఇచ్చింది. సరదాకి గాలం వేసేవాళ్లు అంతటివాళ్ల మెడలు వంచారంటే నాకూ ముచ్చటేసింది.

ఇక ఇటు చూడు. అమెరికాలో ఆల్బనీ దగ్గర సిమెంట్ ఫ్యాక్టరీ దుమ్మూ, పొగా, అదురూ భరించలేక ఇరుగుపొరుగు కోర్టుకెళ్లారు. తప్పు ఫ్యాక్టరీదేనని 1970లో న్యూయార్క్ కోర్టు ఒప్పుకుంది. కానీ అందులో పెట్టుబడి 4.5 కోట్ల డాలర్ల పైమాటే, 300 మందికి పైగా ఉద్యోగులు. అందుకని వాళ్లందరి శాశ్వత నష్టం 1,85,000 డాలర్లని లెక్కగట్టి, అది కట్టేసి నడుపుకోమంది. ఇల్లు నీదే, దాని మీద దుమ్ము పోసే హక్కు మాత్రం వాడిది, నువ్వు అమ్మనన్నా సరే! ఇది తప్పు కొనసాగించడానికి లైసెన్సు ఇవ్వడమేనని ఒక జడ్జి విభేదించాడు. నేను ఆయన వైపే.

నువ్వు ఆర్థికవేత్త రొనాల్డ్ కోస్‌ని ఎత్తుకుంటావని తెలుసు. బేరానికి ఖర్చు లేకపోతే హక్కు ఎవరిదైనా పాడుచేసేవాడూ, నష్టపోయేవాడూ కలిసి లాభసాటి ఒప్పందానికొస్తారని 1960లో రాశాడు. ఆ 'లేకపోతే'ని మింగేయకు. బేరానికి ఖర్చవుతుందనీ, అందుకే కోర్టు హక్కు ఎవరికిస్తుందన్నది ముఖ్యమనీ అదే వ్యాసంలో ఆయనే అన్నాడు.

పోనీ జ్యూరీ వేసిన డబ్బైనా పూర్తిగా దక్కుతుందా? 1989లో ఎక్సాన్ వాల్దెజ్ ఓడ అలాస్కా తీరంలో చమురు ఒలకబోసింది. కంపెనీకి బుద్ధి రావాలని జ్యూరీ 500 కోట్ల డాలర్లు వేస్తే, అప్పీళ్ల మీద అప్పీళ్లు నడిచి, 2008లో అమెరికా సుప్రీంకోర్టు దగ్గరికొచ్చేసరికి అది దాదాపు 50 కోట్లకి దిగింది.

అదైనా కంటికి కనపడే చమురు, దొరికిన ఓడ, డబ్బున్న కంపెనీ. చిన్న కంపెనీ దివాలా తీస్తే ఎవరి దగ్గర వసూలు చేస్తావు? పది చిమ్నీల మధ్య బతికినవాడి ఊపిరితిత్తుల జబ్బు ఏ చిమ్నీ పుణ్యమో ఎలా తేలుస్తావు? తనిఖీలు వద్దన్నావుగా, మరి ఆ కొలతలు లేకుండా జడ్జికి ఏం చూపిస్తావో రాయి.

నీ
సూరి