పేస్ట్ సంగతి సరే, ప్యాడ్ మందం చూడు

అమ్మలూ,

నువ్వు పంపిన స్క్రీన్‌షాట్లు రాత్రి తీరిగ్గా చూశాను. బ్లెండర్‌లో (ఆ 3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో) రెండర్ పెట్టిన కాసేపటికే గ్రాఫిక్స్ కార్డు 86 డిగ్రీలకు, హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికన్నా వేడెక్కే చోటు) 109కి పోతోంది. ఫ్యాన్లు ఫుల్ స్పీడ్‌లో అరుస్తున్నా క్లాక్, అంటే చిప్ పనిచేసే వేగం, పడిపోతూనే ఉంది. షాపులో "కార్డు అయిపోయింది మేడం, కొత్తది తీసుకోండి" అన్నారని టెన్షన్ పడకు. ఆ రెండు అంకెలకీ 23 డిగ్రీల తేడా ఉంది, చూశావా? చిప్‌లో పుట్టిన వేడి ఏదో ఒక మూల హీట్‌సింక్‌కి (వేడిని లాగి గాలికి వదిలే లోహపు దిమ్మెకి) అందడం లేదన్నమాట. నీ కార్డు, జీటీఎక్స్ 1080 టీఐ, వచ్చింది 2017 మార్చిలో. నీకు అమ్మినతను దాన్ని ఎప్పుడూ విప్పలేదంటున్నాడు కాబట్టి చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య ఫ్యాక్టరీలో పూసిన థర్మల్ పేస్టే ఇంకా లోపల ఉంది. వేడెక్కడం, చల్లారడం, మళ్లీ వేడెక్కడం... ఇన్నేళ్లలో ఆ పేస్ట్ మధ్యలోంచి అంచులకు జరిగిపోయి, మిగిలింది ఎండిపోయి ఉంటుంది.

నాకు గ్రాఫిక్స్ కార్డులు కొత్త గానీ వేడితో తిప్పలు కొత్త కాదు. ఆంప్లిఫయర్‌లో 2ఎన్3055 ట్రాన్సిస్టర్ బిగించేటప్పుడు కింద మైకా ముక్క పెట్టి, దానికి రెండు వైపులా తెల్ల కాంపౌండ్ పల్చగా పూసేవాళ్లం. దాని లోహపు ఒళ్లే కలెక్టర్ కాబట్టి మైకా లేకపోతే షార్టు. కాంపౌండ్ లేకపోతే సందులో గాలి మిగిలిపోతుంది. వేడిని మోయడంలో (మీటరుకి, డిగ్రీకి ఇన్ని వాట్లని కొలుస్తారు) గాలిది 0.026 అయితే రాగిది దాదాపు 400. మంచి పేస్ట్ కూడా పదికి అటూ ఇటే. అందుకే పేస్ట్ దట్టంగా పూస్తే లాభం లేదు, గాలి ఉన్న సందు నిండితే చాలు.

నువ్వు ఏ పేస్ట్ కొనాలని మూడుసార్లు అడిగావు, మెమరీ చిప్‌లకీ హీట్‌సింక్‌కీ మధ్య పెట్టే మెత్తటి థర్మల్ ప్యాడ్ల గురించి ఒక్కసారీ అడగలేదు. నన్నడిగితే పేస్ట్ ఏదైనా పెద్ద తేడా రాదు. ఎమ్ఎక్స్-4 లాంటిది చాలు. మళ్లీ మళ్లీ విప్పే పని వద్దనుకుంటే హనీవెల్ పీటీఎం7950 షీటు దొరుకుతుందేమో చూడు. అది వేడికి మెత్తబడి పరుచుకుంటుంది, పేస్ట్‌లా అంత తేలిగ్గా అంచులకు జరిగిపోదు. పేస్ట్ బదులు వాడే లిక్విడ్ మెటల్ (ద్రవ లోహం) జోలికి మాత్రం పోవద్దు. అది కరెంటు పారిస్తుంది, అల్యూమినియాన్ని తినేస్తుంది.

కార్డులు పాడయ్యేది ప్యాడ్ల దగ్గరే. మీ కార్డులో చిప్ చుట్టూ 11 మెమరీ చిప్‌లు, పక్కన కరెంటు సరఫరా చేసే వీఆర్ఎమ్ భాగాలు ఉంటాయి. వాటి ఎత్తులు వేరు, కాబట్టి ప్యాడ్ల మందమూ వేరు: ఒకచోట 1 మిల్లీమీటరు, ఇంకోచోట 1.5 లేదా 2 ఉండొచ్చు. మందం ఎక్కువైతే హీట్‌సింక్ ప్యాడ్ల మీదే కూర్చుని, అసలు చిప్‌ని సరిగా తాకదు. ఒక కాలి కింద రాయి పడ్డ మంచంలా తయారవుతుంది. తక్కువైతే మెమరీకి ఆసరా ఉండదు. పైగా ఈ కార్డు మెమరీ వేడి చాలా మోడళ్లలో సాఫ్ట్‌వేర్‌లో కనిపించదు. స్క్రీన్ మీద రంగు చుక్కలు, గళ్లు వచ్చాకే తెలుస్తుంది. అందుకని మీ మోడల్‌కి ఎక్కడ ఎంత మందమో తయారీదారుని మెయిల్‌లో అడుగు, విప్పాక వెర్నియర్‌తో కొలిచి సరిచూసుకో. చిప్ నొక్కిన చోట కొలిస్తే తక్కువ చూపిస్తుంది, నొక్కుడు పడని అంచు దగ్గర కొలిచి చూడు. ప్యాకెట్ మీద వాట్ల అంకె పెద్దగా ఉందని గట్టి ప్యాడ్ కొనకు. వేలితో నొక్కితే దిగేంత మెత్తగా ఉండాలి. కొలతలు తేలకపోతే ప్యాడ్ బదులు థర్మల్ పుట్టీ (మెత్తటి ముద్ద) వాడు, అది ఎంత సందుంటే అంతకు సర్దుకుంటుంది.

విప్పే రోజు కార్డుని ఐదు నిమిషాలు వేడెక్కించి ఆపు. పేస్ట్ మెత్తబడి తేలిగ్గా ఊడుతుంది. ప్లగ్ తీసేశాక పవర్ బటన్ ఒకసారి నొక్కు. స్లాట్ చివర చిన్న లాక్ ఉంటుంది, అది వదలకుండా లాగితే విరుగుతుంది. కార్డుని దుప్పటి మీద కాదు, అట్టముక్క మీద పెట్టు. చిప్ చుట్టూ నాలుగు స్ప్రింగు స్క్రూలుంటాయి, వాటిని ఎదురెదురుగా కొంచెం కొంచెం వదులు చెయ్యి. హీట్‌సింక్ రాకపోతే స్క్రూడ్రైవర్‌తో ఎగదన్నకు, అటూ ఇటూ మెల్లగా తిప్పు. వచ్చీ రాగానే పైకి లాగేయకు, కింద ఫ్యాన్ల వైర్లు ఉంటాయి. కనెక్టర్ పట్టుకుని ఊడదీయి, వైరు పట్టుకుని కాదు. మెమరీ పక్కన బోర్డు మీద నూనె మరకలు కనిపిస్తే కంగారుపడకు. అది పాత ప్యాడ్లలోంచి ఊరిన సిలికాన్ నూనె, తుడిస్తే పోతుంది.

తుడవడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, కళ్లద్దాల గుడ్డ చాలు. శానిటైజర్ వద్దు, అందులో నీళ్లు, గ్లిజరిన్ ఉంటాయి. చిప్ అంచున ఆవగింజంత కెపాసిటర్లు ఉంటాయి, అక్కడ గోరు కూడా పెట్టకు. ఇక్కడ చిప్‌కి పైన మూత లేదు కాబట్టి మధ్యలో పేస్ట్ చుక్క వేసి వదిలేయకుండా నాలుగు మూలలకీ పల్చగా పరుచు. కొత్త ప్యాడ్లకి రెండు వైపులా ప్లాస్టిక్ పొర ఉంటుంది, రెండూ తీయాలి.

ఒకసారి బిగించి, మళ్లీ విప్పి చూడు. పని రెట్టింపయినట్టుంటుంది గానీ నమ్మకం దాంతోనే వస్తుంది. ప్రతి ప్యాడ్ మీదా చిప్ అచ్చు పడాలి, పేస్ట్ మూలల దాకా పాకాలి. ఆ అచ్చు తుడిచేముందు ఫొటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి. నేను చూసి సరే అన్నాక కొత్త పేస్ట్ వేసి చివరిసారి బిగించు. రెండర్ పెట్టాక ఆ 23 డిగ్రీల తేడా 15 లోపుకి రావాలి. రాకపోతే ఫోన్ చెయ్యి, మళ్లీ ప్యాడ్ల దగ్గర నుంచే మొదలుపెడదాం.

అమ్మ సున్నుండలు పంపుతోంది. పేస్ట్ చేతులతో తినకు.

మీ నాన్న