వార్షిక నివేదిక 2024–25: ఏజెన్సీ గ్రామాల్లో టెలి న్యూరాలజీ

సభ్యులందరికీ నమస్కారం.

పాడేరు నుంచి విశాఖపట్నానికి ఘాట్ రోడ్డు మీదుగా వంద కిలోమీటర్లకు పైనే. ఫిట్స్ ఉన్నవాళ్లు న్యూరాలజిస్టు (మెదడు, నరాల డాక్టరు) దగ్గరికి మొదటిసారి ఎలాగో వెళ్లొస్తారు. రెండోసారి చార్జీలు, పోయే కూలి లెక్కేసుకుని ఆగిపోతారు, దాంతో మాత్రలూ ఆగిపోతాయి. ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ ఆగకుండా వరసగా వచ్చే ప్రమాదం ఉంది. అందుకే ఈ ఏడాది మన శ్రమంతా టెలి న్యూరాలజీ మీదే, అంటే న్యూరాలజిస్టుతో వీడియోలో మాట్లాడించే ఫాలో-అప్ కాల్స్ మీదే పెట్టాం. ఆరోగ్య కేంద్రం నుంచి డాక్టరుతో మాట్లాడే ఈ-సంజీవని 2019 నవంబరులో మొట్టమొదట మొదలైంది మన రాష్ట్రంలోనే. కొత్త సాఫ్ట్‌వేర్ కోసం వెతకాల్సిన పని లేకపోయింది.

కాల్‌కు ముందే ఏఎన్ఎం ఒక కాగితం నింపుతారు: ఫిట్ ఏ వైపు మొదలైంది, ఎంతసేపు ఉంది, ఎంతసేపటికి తెలివొచ్చింది, రోగి బరువు, ఏ మాత్ర ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని పూటలు తప్పింది. మాత్రల అట్ట ఫొటో తప్పనిసరి. ‘పొద్దున ఒక తెల్ల మాత్ర’ అంటే డాక్టరుకు ఏమీ తెలియదు.

ఇంట్లోవాళ్లు ఫోన్లో తీసిన ఫిట్ వీడియోకు సాటి వచ్చేది ఇంకోటి లేదు. ముందు మనిషిని పక్కకు ఒత్తిగిల్లేలా పడుకోబెట్టాలి, ఆ తర్వాతే ఫోను. దుప్పటి తీసేసి, ఫోను అడ్డంగా పట్టుకుని, ముఖం, కాళ్లూ చేతులూ అన్నీ పడేలా తీయాలి. చాలా వీడియోల్లో ఫిట్ కన్నా చేతిలో తాళాలగుత్తి పెట్టే హడావుడే ఎక్కువ! తాళాలతో ఫిట్ ఆగదు, నోట్లో చెంచా పెడితే పళ్లు విరుగుతాయి. 5 నిమిషాలు దాటితే వీడియో సంగతి వదిలేసి 108కి ఫోన్ చేయాలి.

కాల్‌లో డాక్టరు చేసే పరీక్షకు 3 మీటర్ల ఖాళీ చోటు, నడుము ఎత్తులో ఫోను స్టాండు చాలు. రోగి వెనక కిటికీ ఉంటే మనిషి నల్లటి నీడలా కనిపిస్తాడు. అరచేతులు పైకి పెట్టి చేతులు చాపి, కళ్లు మూసుకుని 10 సెకన్లు ఉండమంటే, బలహీనపడిన చెయ్యి లోపలికి తిరిగి కిందికి జారుతుంది. కండరాల బిగువు, కంటి లోపలి పొర మాత్రం స్క్రీన్ మీద తేలవు. కొత్తగా తలనొప్పి, వాంతులతో ఫిట్స్ వస్తే కాల్ పెట్టకుండా స్కాన్‌కే పంపుతున్నాం.

ఆ స్కాన్లలో కొన్నిసార్లు మెదడులో బద్దెపురుగు తిత్తులు బయటపడతాయి. ఇవి పంది మాంసం తిన్నంత మాత్రాన రావు. పురుగు కడుపులో ఉన్న మనిషి మలం నుంచి గుడ్లు నీళ్లలోకో, కూరగాయల మీదికో, చేతులకో చేరి నోట్లోకి పోతే వస్తాయి. ఆల్బెండజోల్ ఇక్కడ అందరికీ తెలిసిన మాత్రే గానీ, దీనికి సొంతంగా వేసుకోకూడదు. తిత్తులు చచ్చేటప్పుడు మెదడు వాస్తుంది. అందుకే మందుతో పాటు స్టెరాయిడ్, అంతకన్నా ముందు కంట్లోనూ తిత్తులున్నాయేమో చూసే పరీక్ష.

కాల్స్ తెగిపోవడానికి ముఖ్య కారణం కరెంటు. కరెంటు పోయిన కాసేపటికి టవర్ బ్యాటరీ కూడా అయిపోతుంది. అప్పుడు వీడియో కోసం పట్టుబట్టకుండా మామూలు ఫోన్‌లో ముగిస్తున్నాం. గిరిజన భాష కువి మాత్రమే వచ్చిన రోగులకు ఆశ కార్యకర్తే దుబాసీ. ఇంకో చిక్కు, డాక్టరు మార్చిన మందు పీహెచ్‌సీలో లేకపోవడం. ఇప్పుడు కాల్‌కు ముందే స్టాకు జాబితా డాక్టరుకు వెళ్తోంది.

పక్షవాతాన్ని ఈ కాల్స్‌లోకి తేలేదు. గడ్డ కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు పడాలి, దానికి ముందు సీటీ స్కాన్ కావాలి. మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట తడబడటం కనిపిస్తే డాక్టరు లైన్లోకి వచ్చేదాకా ఆగకుండా సీటీ ఉన్న ఆసుపత్రికి బయల్దేరదీయాలి.

వచ్చే ఏడాదికి కొత్త కెమెరాలు వద్దు, ఇన్వర్టర్లే కొందామని కార్యవర్గం ప్రతిపాదన. సర్వసభ్య సమావేశం ఆమోదించాలని కోరుతున్నాం.